పెరటి చెట్టు వైద్యం

చికిత్స నాలుగు పాదాల మీద నిలుస్తుందని చరక సంహిత చెబుతున్నది. వైద్యుడు ఒక పాదం, ఔషధం ఒక పాదం, పరిచారకుడు ఒక పాదం, రోగి ఒక పాదం. ఒక్కొక్క పాదానికీ నాలుగేసి గుణాలుండాలని శాస్త్రకారుడు నిర్దేశించాడు. పరిచారకుని విషయంలో ఆ నాలుగూ ఇవి: ఉపచారం తెలిసివుండడం, పనిలో నేర్పు, అనురాగం, శుచి. వైద్యునికి నాలుగు గుణాలు విధించినవాడు పరిచారకుణ్ణి రెండింటితో సరిపెట్టలేదు. మంచానికి ఏ కోడు పొట్టిదైనా పడుకున్నవాడికి నిద్రపట్టదని ఆయనకు తెలుసు.

మన దేశంలో వైద్య సిబ్బంది కొరత అన్న మాట వచ్చినప్పుడల్లా లెక్క తేలేది మాత్రం ఒక్క పాదానికే. ఇన్ని వందలమంది జనానికి ఒక డాక్టరు అనే నిష్పత్తి ఏటేటా పత్రికలలో వెలువడుతుంది. దానిని కొందరు ఘనతగా చూపుతారు, కొందరు అపకీర్తిగా చూపుతారు. రోగి పడక పక్కన నిలబడేవారెందరు, పల్లెలో గడపగడపకూ తిరిగేవారెందరు, వారు ఏం తిని ఆ పని చేస్తున్నారు అన్న ప్రశ్నలు ఆ చర్చలోకి అరుదుగా వస్తాయి.

ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ ఆనాటి బ్రిటిషిండియా ఆరోగ్య వ్యవస్థను సమగ్రంగా పరిశీలించింది. దేశం మొత్తానికి సుమారు 47,500 మంది డాక్టర్లున్నారనీ, నర్సులు 7,000 మంది మాత్రమేననీ ఆ కమిటీ తేల్చింది. అంటే 43,000 మంది జనానికి ఒక నర్సు. మరోవిధంగా చెప్పాలంటే ఒక్కొక్క నర్సుకు దాదాపు ఏడుగురు డాక్టర్లు! సైన్యంలో సిపాయిల కంటె సేనానులే ఏడింతలున్నారని చెబితే ఎవరైనా నవ్వుతారు. వైద్యంలో ఆ మాట నవ్వు పుట్టించలేదు.

ఆ కమిటీ మరొక సిఫారసు కూడా చేసింది. అప్పటి డాక్టర్లలో సగానికి పైగా ఎల్.ఎం.పి.లు. పట్టభద్రుల కంటె తక్కువ కాలం చదివి, తాలూకా కేంద్రాలలోనూ పెద్ద పల్లెలలోనూ ప్రాక్టీసు పెట్టుకున్నవారు. పాతతరం తెలుగువారి జ్ఞాపకాలలో గుర్రబ్బండి మీద వచ్చి మందిచ్చిన డాక్టరుగారు తరచుగా ఎల్.ఎం.పి.యే. దేశానికి ఒకే స్థాయి వైద్యుడుండాలనీ, ఆ చిన్న చదువును ఎత్తివేయాలనీ కమిటీలో అధిక సంఖ్యాకులు భావించారు. కొందరు సభ్యులు విభేదించారు. పల్లెవాళ్లకు రెండోరకం వైద్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని మొదటిరకం వైద్యుడు పల్లెకు వెళ్లనినాడు అక్కడ మిగిలేది రెండోరకం వైద్యం కాదు; ఏ రకమూ కాదు.

అటు తరువాత కళాశాలలు పెరిగాయి. 2014లో 51 వేల చిల్లరగా ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు 2024 నాటికి లక్షా పదివేలు దాటాయి. ఇది చిన్న విషయం కాదు. అయినప్పటికీ గ్రామీణ ఆరోగ్యంపై కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన 2021-22 గణాంకాలను తిరగవేస్తే, సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన సర్జన్లు, స్త్రీవైద్య నిపుణులు, పిల్లల వైద్యులు మొదలైన స్పెషలిస్టులలో ఐదింట నాలుగు వంతులమంది లేరని తెలుస్తుంది. నీళ్లు చెరువులో పెరిగాయి. చివరి మడికి పారలేదు.

ఇందుకు యువ డాక్టర్లను నిందించి ఊరుకోవడం సులభం. కాని వారి పక్షాన కూడా కొంత ఆలోచించాలి. మత్తుమందు ఇచ్చే నిపుణుడు లేనిచోట సర్జన్ కత్తి పట్టలేడు. రక్తం నిల్వ లేనిచోట కాన్పు ఆపరేషన్‌కు ఏ డాక్టరూ సాహసించరు. క్వార్టర్సు కురుస్తూంటే, పిల్లలకు బడి లేకపోతే, భార్యకో భర్తకో ఉద్యోగం మరో పట్నంలో ఉంటే, త్యాగం ఒక సంవత్సరం నిలుస్తుంది, రెండు సంవత్సరాలు నిలుస్తుంది. ఒకరి త్యాగం మీద ఒక ఆసుపత్రి నడవవచ్చునేమో కాని, ఒక దేశం నడవదు.

మరి డాక్టరు వచ్చేదాకా పల్లె ఏం చేయాలి? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. దూరపు కొండ మీది మూలిక మీద ఉండే నమ్మకం వాకిట్లో ఉన్న మొక్క మీద ఉండదని దాని భావం. ఆధునిక భారతదేశపు ఆరోగ్య చరిత్రలో మిక్కిలి విలువైన ప్రయోగాలు రెండు ఈ సామెతను తలక్రిందులు చేశాయి. రెండూ మహారాష్ట్రలోనే జరిగాయి.

మొదటిది జామ్‌ఖేడ్. రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు ఇద్దరూ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు. కొంతకాలం ఒక గ్రామీణ మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. రోగులను ఎంతమందిని నయంచేసి పంపినా అవే జబ్బులతో వారే తిరిగిరావడం చూశారు. అమెరికా వెళ్లి ఉన్నత శిక్షణతోబాటు ప్రజారోగ్య శాస్త్రమూ అభ్యసించి, 1970లో అహమ్మద్‌నగర్ జిల్లాలోని జామ్‌ఖేడ్‌కు చేరుకున్నారు. అది వానలు మొగంచాటేసే మెట్ట ప్రాంతం. ఆ చుట్టుపట్ల పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 176 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే పోయేవారని వారి లెక్కలలో తేలింది.

వారు కూడా మొదట అందరిలాగానే ఆలోచించారు. శిక్షణ పొందిన నర్సు-మంత్రసానులను గ్రామాలకు పంపారు. ఆ ఏర్పాటు నిలవలేదు. బయటి ఊరినుంచి వచ్చిన ఒంటరి స్త్రీకి ఆ పల్లెలలో రక్షణ లేదు, తోడు లేదు. ఆమె చెప్పిన మాట విని తలూపిన గృహిణి ఆమె వెళ్లగానే అత్తగారి మాటే పాటించేది. బిడ్డకు విరేచనాలైతే నీళ్లు మాన్పించే ఇంట్లో, నీళ్లే తాగించాలని చెప్పడానికి చదువొక్కటే చాలదు. ఆ మాట చెప్పే మనిషిని ఆ ఇల్లు నమ్మాలి.

అప్పుడు అరోలే దంపతుల దృష్టి ఆ గ్రామాల స్త్రీల మీదికే మళ్లింది. ఊరివాళ్లు ఎంచిన స్త్రీ ఒకరు. చాలామందికి అక్షరం రాదు. అనేకులు దళితులు, పేదలు. భర్త వదిలివేసినవారూ ఉన్నారు. వారు క్రమం తప్పకుండా జామ్‌ఖేడ్ కేంద్రానికి వచ్చి నేర్చుకునేవారు. వేరువేరు కులాల స్త్రీలు అక్కడ కలిసి వండుకుని, కలిసి తిని, ఒక్కచోట నిద్రించారు. మొదటి పాఠం బహుశా అదే. ఆ తరువాతి పాఠాలు గర్భిణి సంరక్షణ, శుభ్రమైన కాన్పు, బిడ్డ బరువు తూచడం, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు పట్టడం, క్షయనూ కుష్ఠునూ ఆనవాలు పట్టడం. చదువురాని మనిషి జ్ఞాపకశక్తి ఎంత గట్టిదో అక్షరాలు నమ్ముకున్నవారికి తెలియదు. వారు నేర్చుకున్నది ఊరికి తీసుకువెళ్లి, పాటగానూ కథగానూ మార్చి పొరుగింటి అరుగు మీద చెప్పారు.

కొన్ని దశాబ్దాలలో ఆ ప్రాంతపు శిశు మరణాలు వేయికి ఇరవైల దరిదాపులకు దిగాయి. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ఒక గ్రంథంలో జామ్‌ఖేడ్‌కు ఒక అధ్యాయం దక్కింది. 1979లో అరోలే దంపతులకు రామన్ మెగసెసే బహుమతి లభించింది. అన్నిటికంటె ముచ్చటైన సంఘటన 1988లో వాషింగ్టన్ నగరంలో జరిగింది. అక్కడి అంతర్జాతీయ ఆరోగ్య సదస్సులో ముక్తాబాయి పోల్ అనే జామ్‌ఖేడ్ గ్రామీణ ఆరోగ్య కార్యకర్త మాట్లాడింది. ఆ సభామందిరంలో మెరుస్తున్న దీపగుచ్ఛాలను డాక్టర్లతో పోల్చింది: అందమైనవి, ఖరీదైనవి, ఒకచోటనే వెలిగేవి. తనను ఒక మట్టి ప్రమిదతో పోల్చుకుంది: చవకైనది, ఎక్కడికైనా తీసుకుపోదగినది, మరొక ప్రమిదను వెలిగించగలిగినది. సభ లేచి నిలబడింది.

రెండవది గడ్చిరోలి. ఇది తెలంగాణ సరిహద్దున, ప్రాణహితా గోదావరుల ఆవలి ఒడ్డున ఉన్న అడవి జిల్లా. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1980ల మధ్యలో అక్కడికి వెళ్లి ‘సెర్చ్’ అనే సంస్థను నెలకొల్పారు. పసిబిడ్డలలో ఎక్కువమంది పుట్టిన నెలలోపలనే పోతున్నారనీ, ఆ బిడ్డలు ఆసుపత్రి గడప తొక్కడం లేదనీ వారు గమనించారు. బాలింతనూ బిడ్డనూ పురిటిగది నుంచి కదిలించని ఆచారం ఒకవైపు, దారీతెన్నూ లేని అడవి ఒకవైపు. బిడ్డ ఆసుపత్రికి రానప్పుడు ఆసుపత్రియే బిడ్డ దగ్గరకు వెళ్లాలి. ఎలా?

బిడ్డ డొక్కలెగరేస్తూంటే అది ఊపిరితిత్తుల జబ్బని ప్రతి తెలుగు అమ్మమ్మకూ తెలుసు. ఎంత వేగంగా ఎగరేస్తే అపాయం అన్నదే ప్రశ్న. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి అరవై శ్వాసలు, అటుపైన ఏడాదిలోపు బిడ్డకు యాభై దాటితే ప్రమాదమని వైద్యశాస్త్రం చెబుతుంది. అరవై దాకా లెక్కపెట్టడం రాని మంత్రసానికి ఆ సంగతి ఎలా తెలియాలి? బంగ్ దంపతులు ఒక చిన్న పరికరం రూపొందించారు. ఒక నిమిషంలో జారే ఇసుక గడియారం, దానితో కూడిన పూసలు. పది శ్వాసలకొక పూస జరపాలి. ఇసుక పూర్తిగా జారేసరికి ఎన్ని పూసలు జరిగాయో చూస్తే జబ్బు సంగతి తేలిపోతుంది. పది దాకా లెక్కించడం రాని తల్లి ఏ పల్లెలోనూ ఉండదు.

ఆ తరువాత 39 గ్రామాలలో ఎంపికచేసిన స్త్రీలకు నవజాత శిశువుల సంరక్షణలో శిక్షణ ఇచ్చారు. ఊపిరి అందని బిడ్డకు ఊపిరి పోయడం, తక్కువ బరువు బిడ్డను వెచ్చగా ఉంచడం, రక్తంలో విషక్రిమి చేరిన లక్షణాలు కనిపెట్టి సూదిమందు వేయడం. ఈ చివరి పని పల్లె స్త్రీ చేతిలో పెట్టడమేమిటని పెద్దలు కొందరు భయపడ్డారు. వాటితో పోల్చిచూడడానికి మరొక 47 గ్రామాలను మామూలు పద్ధతికే విడిచారు. ఫలితాలు 1999 డిసెంబరులో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి. పోల్చిచూసిన గ్రామాలతో చూస్తే నవజాత శిశు మరణాలు మూడవ సంవత్సరానికి 62 శాతం తగ్గాయి. ప్రపంచ వైద్యలోకం తలతిప్పి చూసింది. 2011లో భారత ప్రభుత్వం ఈ ఇంటింటి శిశు సంరక్షణను దేశమంతటా అమలుచేయ సంకల్పించింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికివస్తుందని ఈ విధంగా రుజువయింది. ఇక్కడితో కథ ముగిస్తే చదివినవారికి తృప్తిగా ఉంటుంది. కాని అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చెట్టు పనికివస్తుందని తెలిసిన మరునాటినుంచి అందరూ ఆకులు కోయడానికే వచ్చారు. నీరు పోయవలసినవారెవరన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఈ దేశం ఆ పొరపాటు ఒకసారి చేసింది. 1977 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం వేయిమంది జనాభాకు ఒకరు చొప్పున గ్రామ ఆరోగ్య కార్యకర్తలను నియమించే పథకం ప్రారంభించింది. మూడు నెలల శిక్షణ, మందుల పెట్టె, నెలకు యాభై రూపాయల గౌరవ వేతనం. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-ఆటా నగరంలో ప్రపంచ దేశాలు సమావేశమై, 2000 సంవత్సరం నాటికి అందరికీ ఆరోగ్యం అని ప్రకటించాయి. అప్పటికే భారతదేశం ఒక అడుగు ముందున్నది. కాని ఎంపికైనవారిలో అత్యధికులు పురుషులు. కాన్పు గదిలోకి పురుషుడు వెళ్లలేడన్న చిన్న సంగతి పెద్ద పథకానికి తట్టలేదు. ఆపైన పేరు మారింది. ‘వర్కర్’ అన్న మాట పోయి ‘వాలంటీర్’ వచ్చింది. 1981లో అది కూడా పోయి ‘గైడ్’ అయింది. మూడుసార్లు పేరు పెట్టారు. యాభై రూపాయలు మాత్రం పెరగలేదు. 2002 నాటికి కేంద్రం తన చేయి వెనక్కి తీసుకుంది. ఆ పథకం సద్దుచేయకుండా అస్తమించింది.

భాషతో పనిచేసేవారికి ఈ పేర్ల మార్పిడిలో ఒక రహస్యం కనిపిస్తుంది. వర్కర్ అంటే పనిచేసే మనిషి. పనికి కూలి ఉంటుంది. వాలంటీర్ అంటే స్వచ్ఛంద సేవకుడు. తన ఇష్టప్రకారం చేసేవాడు, ఇష్టం లేనినాడు మానగలిగినవాడు. గైడ్ అంటే దారి చూపేవాడు. దారి చూపినందుకు ఎవరూ జీతమివ్వరు. మాట మారినప్పుడు మనిషి మారలేదు, పని మారలేదు. ఇవ్వవలసిన దానిని గురించిన బాధ్యత మారింది.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమైనప్పుడు పాత అనుభవం నుంచి ఒక పాఠం మాత్రం నేర్చుకున్నారు. ఈసారి ఎంపికయ్యేది స్త్రీలే. ఆ ఊరి కోడలు గాని, ఆ ఊరిలోనే స్థిరపడిన వితంతువు గాని, విడాకులు పొందిన స్త్రీ గాని అయివుండాలి. ఆమెకు పెట్టిన పేరు నాలుగు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాల కూర్పు: ‘ఆశా’. గుర్తింపు పొందిన సామాజిక ఆరోగ్య కార్యకర్త అని దాని అర్థం. ఇంగ్లీషు అక్షరాలను పేర్చి భారతీయ భాషలలో ఇంత అందమైన మాట పుట్టించినవారిని మెచ్చుకోవలసిందే. కాని ఆ నాలుగు మాటలలో ‘ఉద్యోగి’ అన్న మాట లేదు. ఆమె వాలంటీరే. పనికింత అని ప్రోత్సాహకం వస్తుంది.

తెలుగుదేశపు పల్లెలలో ఆమెను ఎవరూ ‘యాక్టివిస్టు’ అనరు. ‘ఆశా వర్కర్’ అంటారు. ప్రభుత్వం కాదన్న మాటను జనం తమంత తాము తిరిగి చేర్చుకున్నారు. నిఘంటువు కంటె ఊరి వాడుకకే సత్యం ఎక్కువ తెలుసుననడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆ వర్కర్ దినచర్య గమనిస్తే ఆ మాట ఎందుకు నిలిచిందో బోధపడుతుంది. తెల్లవారకముందే ఎవరికో నొప్పులు మొదలయ్యాయని కబురు వస్తుంది. 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేదాకా పక్కన కూర్చుని, తోడుగా ఆసుపత్రికి వెళుతుంది. అక్కడినుంచి వచ్చేసరికి టీకాల రోజు. సూదికి భయపడి పిల్లవాణ్ణి దాచిన ఇంటికి రెండోసారి వెళ్లి బతిమాలుతుంది. బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డ బరువు తూస్తుంది. క్షయరోగి మాత్రలు మింగాడా లేదా చూస్తుంది. ముప్పై ఏళ్లు దాటినవారికి బి.పి., షుగరు పరీక్షలకు ఫారాలు నింపుతుంది. కుష్ఠు సర్వే, జ్వరాల సర్వే, దోమల సర్వే. సాయంకాలం ఇల్లు చేరాక ఇదంతా సెల్‌ఫోన్‌లో ఎక్కించాలి. ఆపైన తన ఇంటి పొయ్యి. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని సామెత. ఆ సామెతకు ప్రభుత్వపు ఉత్తర్వుల బలం కూడా తోడైనప్పుడు వచ్చే బ్రతుకు ఇది.

దేశంలో ఇటువంటి స్త్రీలు పది లక్షల పైచిలుకు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జనం తలుపులు మూసుకున్నారు. ఆశాలు ఆ తలుపులే తట్టారు. ఎవరు ఏ ఊరినుంచి వచ్చారు, ఎవరికి జ్వరముంది, ఎవరికి దగ్గుంది అని రాసుకున్నారు. కొన్నిచోట్ల తిట్లు తిన్నారు, కొన్నిచోట్ల దెబ్బలు తిన్నారు. ఆ పనికి కేంద్రం నెలకు వేయి రూపాయలు అదనంగా ఇచ్చింది. కోవిడ్ విధులలో మరణించిన ఆరోగ్య సిబ్బంది కుటుంబాలకు యాభై లక్షల బీమా ప్రకటించినప్పుడు వారినీ అందులో చేర్చింది. చావులో ఆమె ఆరోగ్య సిబ్బంది; బ్రతుకులో స్వచ్ఛంద సేవకురాలు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత ఆశా కార్యకర్తలందరికీ కలిపి అంతర్జాతీయ ఆరోగ్య నాయకత్వ పురస్కారం ప్రకటించింది. పల్లెలలో చాలామందికి ఆ కబురు పత్రికల ద్వారానే తెలిసింది. ఆ రోజు కూడా వారు సర్వేలో ఉన్నారు.

రాష్ట్రాలు కొన్ని కొంత కదిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆశాల నెలసరి పారితోషికాన్ని పదివేల రూపాయలకు పెంచారు. 2025లో గ్రాట్యుటీ, జీతంతోకూడిన ప్రసూతి సెలవు ప్రకటించారు. ఊరి స్త్రీలందరి పురుళ్లకూ తోడు నిలిచే స్త్రీకి తన పురుటికి సెలవు లభించడానికి ఇరవై సంవత్సరాలు పట్టింది! అదే 2025 ఫిబ్రవరిలో, ఆరోగ్య విషయాలలో దేశానికి ఆదర్శమని చెప్పుకునే కేరళలో, రాష్ట్ర సచివాలయం ముందు ఆశా కార్యకర్తలు సమ్మెకు కూర్చుని నెలల తరబడి కదలలేదు. ఇటువంటి పథకాలలో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనమివ్వాలని 2013లోనే 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. సిఫారసులు కూడా ఈ దేశంలో స్వచ్ఛందమైనవే.

ఇక్కడ ఒక ఆక్షేపణను నిజాయితీగా ఎదుర్కోవాలి. జామ్‌ఖేడ్ స్త్రీలు జీతాల కోసం పనిచేయలేదు. వారు ఊరికి జవాబుదారులు, కార్యాలయానికి కాదు. జీతమిచ్చి ప్రభుత్వోద్యోగిని చేస్తే ఆమె ఊరివైపు చూడడం మాని పైఅధికారివైపు చూస్తుందని వాదించేవారున్నారు. వైద్యుడు లేనిచోట ప్రజలు ఏం చేయాలో చెప్పే ప్రసిద్ధ గ్రంథాన్ని రచించిన డేవిడ్ వెర్నర్ కూడా 1977లోనే ఈ అనుమానం లేవనెత్తాడు. గ్రామ ఆరోగ్య కార్యకర్త ప్రజలకు విముక్తి కలిగించే మనిషా, పైవారికి ఊడిగంచేసే బంటా అని అడిగాడు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయలేము.

కాని జామ్‌ఖేడ్‌లో ఏం జరిగిందో జాగ్రత్తగా చూడాలి. ఆ స్త్రీలు తమకు వీలైన వేళలో, తమ ఇంటి చుట్టుపట్ల పనిచేశారు. వారికి చిన్న వ్యాపారాలకు అప్పులు, తోడుగా మహిళా మండలులు, వెనుక ఒక ఆసుపత్రి, పిలిస్తే పలికే డాక్టరు ఉన్నారు. అంటరానిదని దూరం పెట్టిన ఊరే ‘అమ్మా’ అని గడపలోకి పిలిచింది. ఆ గౌరవం రూపాయలలో రానిది గనుక వారు రూపాయలు అడగలేదు. ఎవరూ వారికి లక్ష్యాలు రాసివ్వలేదు, గడువులు పెట్టలేదు. ఫారం నింపలేదని ప్రోత్సాహకం కోయలేదు. పని ఎప్పుడు, ఎంత, ఎలా చేయాలో ఎదుటివాడు నిర్ణయించిన క్షణంలోనే స్వచ్ఛందం అన్న మాటలోని ‘స్వ’ పోతుంది. ఆ తరువాత మిగిలేది ఉద్యోగమే. ఆజ్ఞ ఉద్యోగానిదీ, ఫలం సేవదీ కావడం న్యాయం కాదు. పైగా ఊరికి కట్టుబడి ఉండడానికి ఆకలితో ఉండడం షరతు కాదు. బడిపంతులు జీతం తీసుకుంటాడు. అంతమాత్రాన పిల్లల్ని ప్రేమించే పంతుళ్లు కరువు కాలేదు.

మరొక అపోహ కూడా తొలగాలి. పల్లె కార్యకర్త డాక్టరుకు చవకబారు బదులు కాదు. గడ్చిరోలి స్త్రీ బిడ్డ ప్రాణం నిలబెట్టినప్పుడు ఆమె వెనుక క్రమం తప్పకుండా వచ్చి చూసే పర్యవేక్షకులు, అయిపోకముందే అందే మందులు, తప్పు జరిగితే సరిదిద్దే డాక్టర్లు ఉన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు లేక, మందు లేక, ఆంబులెన్సు రాక, ఆమె ఒక్కతెనే వాకిట నిలబెడితే ఆమె చేయగలిగింది ఊరివారి కోపానికి ఎదురు నిలబడడమే. నాలుగు పాదాలూ ఉండాలన్న చరకుని మాట ఇక్కడ మళ్లీ పనికివస్తుంది. పరిచారకుణ్ణి వైద్యుని స్థానంలో నిలబెట్టమని ఆయన చెప్పలేదు. పక్కన నిలబెట్టమన్నాడు.

ప్రపంచవ్యాప్తంగా 2030 నాటికి కోటిమందికి పైగా ఆరోగ్య సిబ్బంది కొరత ఏర్పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ధనిక దేశాలు తమ లోటును పేద దేశాల నర్సులతోనూ డాక్టర్లతోనూ పూడ్చుకుంటున్నాయి. కేరళ నర్సు లండనుకో దుబాయికో వెళుతుంది; తెలుగు డాక్టరు అమెరికా వెళతాడు. వారిని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కులేదు. కాని ఆ అంగడిలో అమ్ముడుపోని మనిషి ఒకతె ఉన్నది. ఆమె తన ఊరు విడిచి ఎక్కడికీ పోదు. పోకపోవడమే ఆమె బలం. విచిత్రమేమంటే పోనందుకే ఆమె ధర తగ్గింది. పోతాడని భయమున్నవాడికే జీతాలు పెరుగుతాయి.

ఆమెకు చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. నెల మొదటివారంలో చేతికందే నిర్ణీత వేతనం. చేసే సర్వేలకు ఒక పరిమితి. మందుల సంచిలో మందులు. ఏటా కొత్త విషయాలు నేర్చుకునే శిక్షణ. చదువుకోగలిగిన వారికి ఏ.ఎన్.ఎం.గా, నర్సుగా ఎదగడానికి ఒక నిచ్చెన. కొన్ని రాష్ట్రాలు ఏ.ఎన్.ఎం. శిక్షణలో ఆశాలకు ప్రాధాన్యం ఇవ్వడం ఈ దిశలో మంచి ఆరంభం. కాళ్లు అలసిన వయసులో ఇంత పింఛను. ఒక కొత్త వైద్యకళాశాల శంకుస్థాపనకు వచ్చే జనం, మోగే వాద్యాలు వీటికి ఉండవు. శిలాఫలకం మీద చెక్కడానికి ఇందులో ఏమీ లేదు.

వైద్యకళాశాలలూ కావలసినవే. అక్కడినుంచి బయటికి వచ్చే డాక్టరు ఏదో ఒకనాడు ఆ పల్లెకు చేరవచ్చు, చేరకపోవచ్చు. చేరేలోగా అక్కడ పుట్టవలసిన బిడ్డలు పుడుతూనే ఉంటారు. వారిలో ఒకనికి ఊపిరి అందనప్పుడు, అర్ధరాత్రి ఏ తలుపు తట్టాలో ఆ బిడ్డ తండ్రికి తెలుసు. ఆ తలుపు తెరిచే స్త్రీకి మర్నాడు పొయ్యి వెలుగుతుందా లేదా అన్నది అతనికి సంబంధించిన సంగతి కాదు. అది మనకు సంబంధించిన సంగతి.